సమాఖ్య వీడాక నివాస హక్కు: స్లోవేనియా నుంచి బ్రెగ్జిట్ దాకా

ఒక దేశం తాను భాగంగా ఉన్న సమాఖ్యనో, కూటమినో వదిలి బయటికి వచ్చినప్పుడు అందరికంటే ముందు ఇరుకున పడేది, ఆ ఉమ్మడి చట్టాన్ని నమ్ముకుని పుట్టినచోటు కాని చోట స్థిరపడినవారు. నిన్నటిదాకా అడగకుండానే ఉన్న హక్కు రేపటికీ ఉంటుందా, ఉంటే ఏ హోదాలో, ఏ కాగితం చూపితే నమ్ముతారు, భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చా, వైద్యం, పింఛను మాటేమిటి? ఇలాంటి ప్రశ్నలకు జవాబుగా ఏర్పడ్డ ఒప్పందాలను, చట్టాలను, తీర్పులను కలిపి నిష్క్రమణానంతర పౌర హక్కుల రక్షణ అనవచ్చు. దీనికి గత నలభై ఏళ్లలో రెండు పెద్ద ఉదాహరణలు ఉన్నాయి. ఒకటి 1991లో యుగోస్లావియా నుంచి వేరుపడ్డ స్లోవేనియా. రెండోది 2020లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి వైదొలగిన బ్రిటన్; ఆ నిష్క్రమణనే బ్రెగ్జిట్ అంటారు.

రెండింటికీ పోలిక లేదనిపించవచ్చు. స్లోవేనియాలో కొత్త దేశమే పుట్టింది, కొత్త పౌరసత్వం వచ్చింది. బ్రిటన్‌లో ఎవరి పాస్‌పోర్టూ రద్దు కాలేదు. అయినా రెండు చోట్లా నష్టపోయినవారిని గమనిస్తే కారణం ఒక్కటే కనిపిస్తుంది. హక్కు ఉందా లేదా అన్నది కాదు, ఫలానా తేదీలోగా దరఖాస్తు పెట్టుకుంటేనే ఉంటుందా అన్నదే మనుషుల బతుకులను తేల్చింది.

పాత హక్కు దానంతటదే నిలుస్తుందా

అంతర్జాతీయ చట్టంలో దీనికి సూటి జవాబు లేదు. ఒప్పందాలపై 1969 నాటి వియన్నా ఒడంబడికలోని 70వ అధికరణ, ఒప్పందం ముగిసినంత మాత్రాన దాని అమలువల్ల అప్పటికే ఏర్పడ్డ హక్కులు చెదరవని చెబుతుంది. బ్రెగ్జిట్ ఓటు తరువాత చాలామంది ఈ వాక్యం మీద ఆశపెట్టుకున్నారు. కానీ అది మాట్లాడేది ఒప్పందం చేసుకున్న రాజ్యాల హక్కుల గురించి. మాంచెస్టర్‌లో ఉంటున్న పోలండ్ నర్సు గురించి కాదు. బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈయూ కమిటీ 2016 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ఈ సంగతిని మొహమాటం లేకుండా చెప్పింది: సంక్రమించిన హక్కుల సిద్ధాంతాన్ని నమ్ముకుంటే ఒరిగేది స్వల్పం, రక్షణ కావాలంటే నిష్క్రమణ ఒప్పందంలోనే రాసుకోవాలి.

అంతకుముందు కాలంలో ఎక్కువగా వాడిన పద్ధతి ఐచ్ఛికం, అంటే రెండింటిలో ఒక పౌరసత్వం ఎంచుకునే వీలు. 1962 ఎవియాన్ ఒప్పందాల్లో అల్జీరియాలోని ఐరోపా సంతతివారికి మూడేళ్ల వ్యవధి ఇచ్చారు. ఆ వ్యవధి సగం కాకముందే వారిలో అత్యధికులు ఓడలెక్కి వెళ్లిపోయారు. మనకు దగ్గరి ఉదాహరణ గోదావరి ఒడ్డునున్న యానాం. ఫ్రెంచ్ స్థావరాలైన పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన 1954లోనే భారత్ చేతికి వచ్చినా, 1956 మే 28న సంతకమైన విలీన ఒప్పందాన్ని ఫ్రాన్స్ ఆమోదించి అమల్లోకి తెచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవారు ఆ రోజుతో భారత పౌరులయ్యారు. వద్దనుకున్నవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పి ఫ్రెంచ్ పౌరసత్వం నిలుపుకోవచ్చు. పుదుచ్చేరిలో ఈనాటికీ ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో ఓటువేసే కుటుంబాలు ఉన్నది అందుకే. ఆ పద్ధతిలో ఒక మెలకువ ఉంది. నోరు విప్పనివాడు ఏ దేశానికీ చెందకుండా పోడు. ఉన్నచోటి పౌరుడే అవుతాడు.

లాత్వియా మరో దారి పట్టింది. 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడ్డాక, 1940కి ముందు పౌరులైనవారికీ, వారి వారసులకూ మాత్రమే పౌరసత్వం ఇచ్చింది. తక్కిన లక్షల మంది రష్యన్ భాషీయులకు 1995 చట్టంతో 'పౌరేతరులు' అనే విడి హోదా కల్పించింది. వారు దేశంలో ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు, ఓటు మాత్రం వేయలేరు.

రాష్ట్ర విభజన చూసిన తెలుగువారికి ఈ చర్చ కొంత పరిచితంగానే ఉంటుంది, కానీ పోలికను ఎక్కువ దూరం లాగలేం. 2014 జూన్ 2 తరువాత హైదరాబాద్‌లో స్థిరపడ్డ కృష్ణా జిల్లావాసి నివాస హక్కుకు ఏ ఢోకా రాలేదు, ఎందుకంటే దేశమంతటికీ పౌరసత్వం ఒక్కటే. గొడవంతా రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికత మీద నడిచింది. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలి వెళ్లేవారికి అక్కడ స్థానిక హోదా ఇవ్వడానికి 2016లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరించినప్పుడు, అక్కడా ఒక గడువు పెట్టి, తరువాత పొడిగించాల్సి వచ్చింది.

స్లోవేనియా: రిజిస్టర్ నుంచి చెరిగిన 25,671 మంది

యుగోస్లావియాలో ప్రతి మనిషికీ రెండు పౌరసత్వాలు ఉండేవి: సమాఖ్యది ఒకటి, తన రిపబ్లిక్‌ది ఒకటి. రెండోది రికార్డుల్లో ఉండే మాటే తప్ప రోజువారీ జీవితంలో దానితో పనిపడేది కాదు. బోస్నియా, సెర్బియా, క్రొయేషియా, మాసిడోనియా, కొసోవోల నుంచి కార్మికులు స్లోవేనియా ఫ్యాక్టరీలకూ గనులకూ వచ్చి, శాశ్వత నివాసులుగా పేరు నమోదు చేయించుకుని, అక్కడే పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల్లో చాలామందికి తండ్రి రిపబ్లిక్ పౌరసత్వమే రాసి ఉందన్న సంగతి కూడా తెలియదు.

1990 డిసెంబరులో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు స్లోవేనియా పార్లమెంటు ఒక హామీ ఇచ్చింది: శాశ్వత నివాసం ఉన్న ఇతర రిపబ్లిక్‌ల వారందరూ కోరుకుంటే స్లోవేనియా పౌరులు కావచ్చు. 1991 జూన్ 25న దేశం స్వతంత్రమైంది. పౌరసత్వ చట్టంలోని 40వ సెక్షన్ కింద ఆరు నెలల గడువిచ్చారు. సుమారు 1,70,000 మంది దరఖాస్తు చేసుకుని పౌరులయ్యారు. ఇంతవరకూ ఉదారంగానే నడిచింది.

అడగనివారికి, అడిగినా తిరస్కరణకు గురైనవారికి ఏమవుతుందన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. 1992 ఫిబ్రవరి 26న వారికి విదేశీయుల చట్టం వర్తించడం మొదలైంది. ఆ రోజే వారి పేర్లను శాశ్వత నివాసుల రిజిస్టర్ నుంచి తీసేశారు. నోటీసు రాలేదు, ఉత్తర్వు రాలేదు, అప్పీలు చేసుకోవడానికి చేతిలో కాగితమే లేదు. డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకుందామనో, పుట్టిన బిడ్డ పేరు రాయిద్దామనో మునిసిపల్ కార్యాలయానికి వెళ్లినవారిని గుర్తింపు కార్డు చూపించమన్నారు. కౌంటర్ అవతలి గుమస్తా దాన్ని అందుకుని అక్కడికక్కడే రంధ్రం పొడిచి చెల్లదు పొమ్మన్న సందర్భాలు ఎన్నో నమోదయ్యాయి. పేరు లేకపోయేసరికి ఉద్యోగం పోయింది, ఆరోగ్య బీమా పోయింది, ఏళ్ల తరబడి కట్టిన పింఛను అందకుండా పోయింది. కొందరిని యుద్ధం నడుస్తున్న బోస్నియా వైపు సరిహద్దు దాటించారు. బాధితులు 18,305 మంది అని మొదట చెప్పిన ప్రభుత్వం, 2009లో మళ్లీ లెక్క తీసి 25,671 అని తేల్చింది. ఇరవై లక్షల జనాభా ఉన్న దేశంలో అది నూటికి ఒకరికి పైమాటే.

స్లోవేనియా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఒకసారి, 2003లో మరోసారి ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. దాన్ని అమలు చేసే చట్టాన్ని 2004 ఏప్రిల్‌లో జనం ముందు ఓటుకు పెడితే, ఓటేసినవారిలో 94 శాతానికి పైగా వద్దన్నారు. మైనారిటీ హక్కును మెజారిటీ ఓటుకు పెడితే ఇంకేం ఫలితం వస్తుంది! చివరికి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం గ్రాండ్ చాంబర్ 2012 జూన్ 26న, పేరు చెరిగినవారు వేసిన కురిచ్ కేసులో తీర్పు చెప్పింది. కుటుంబ, వ్యక్తిగత జీవితాన్ని గౌరవించాలన్న 8వ అధికరణను, దానితోపాటు వివక్ష కూడదన్న 14వ అధికరణను స్లోవేనియా ఉల్లంఘించిందని నిర్ధారించింది. ఆ తరువాత 2013లో వచ్చిన పరిహార చట్టం, పేరు చెరిగి ఉన్న ప్రతి నెలకు 50 యూరోల లెక్కన చెల్లించే పద్ధతి పెట్టింది. అప్పటి అధ్యక్షుడు బొరుట్ పహోర్ రాజ్యం తరఫున క్షమాపణ చెప్పింది 2022 ఫిబ్రవరిలో, అంటే ముప్ఫై ఏళ్లకు.

ఈ తీర్పు స్లోవేనియాకే పరిమితం కాలేదు. ఒక మనిషి జాతీయత ఏదైనా, దీర్ఘకాల నివాసాన్ని ఉన్నపళాన, చెప్పాపెట్టకుండా రద్దు చేయడం మానవ హక్కుల ఉల్లంఘనే అన్నది ఐరోపాలో స్థిరపడ్డ సూత్రమైంది. బ్రెగ్జిట్ చర్చల్లో న్యాయనిపుణులు పదే పదే దీన్ని ఉదహరించారు.

బ్రెగ్జిట్: బేరసారాల బల్ల మీద మనుషులు

1992 మాస్ట్రిక్ట్ ఒప్పందం ఈయూ పౌరసత్వాన్ని సృష్టించింది. 2004 నాటి సంచార స్వేచ్ఛ ఆదేశం ప్రకారం ఒక సభ్య దేశ పౌరుడు మరో దేశంలో ఐదేళ్లు చట్టబద్ధంగా ఉంటే శాశ్వత నివాస హక్కు దానంతటదే వస్తుంది. దానికి ఎక్కడా అర్జీ పెట్టుకోనక్కర్లేదు. కనుక లక్షల మంది ఏ కాగితమూ తీసుకోకుండానే దశాబ్దాలు గడిపేశారు.

2016 జూన్ 23 ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది నిష్క్రమణకు ఓటేశారు. ఆ ఓటు ఎవరి జీవితాలను తలకిందులు చేయబోతోందో వారిలో అత్యధికులకు ఓటు లేదు. బ్రిటన్‌లోని ఈయూ పౌరుల్లో ఐర్లండ్, సైప్రస్, మాల్టా దేశస్థులకు తప్ప తక్కినవారికి అవకాశం ఇవ్వలేదు. బ్రిటన్ విడిచి 15 ఏళ్లు దాటిన బ్రిటిష్ పౌరులకూ ఇవ్వలేదు. ఇటలీలో ఉంటున్న రెండో ప్రపంచయుద్ధ సైనికుడు హ్యారీ షిండ్లర్ దీనిపై కోర్టుకెక్కి ఓడిపోయారు; ఆ 15 ఏళ్ల నిబంధన 2022 ఎన్నికల చట్టంతో రద్దై, 2024 జనవరి నుంచి పోయింది. విచిత్రమేమిటంటే, బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఓటుంది. పాతికేళ్లుగా లండన్‌లో పన్ను కడుతున్న ఫ్రెంచ్ టీచరుకు లేని ఓటు, ఏడాది కిందట వీసా మీద దిగిన హైదరాబాద్ విద్యార్థికి ఉంది.

బ్రిటన్‌లోని ఈయూ పౌరుల హక్కులకు ముందుగానే, ఏకపక్షంగా హామీ ఇవ్వాలన్న డిమాండును ప్రధాని థెరిసా మే ప్రభుత్వం ఒప్పుకోలేదు. అవతలి దేశాల్లోని బ్రిటిష్ వారికి కూడా అదే హామీ వస్తే తప్ప ఇవ్వలేమంది. హౌస్ ఆఫ్ లార్డ్స్ 2017 మార్చి 1న 358–256 ఓట్లతో హామీ సవరణ పెడితే, కామన్స్ రెండు వారాల్లోపే దాన్ని కొట్టేసింది. బ్రిటన్‌లోని ఈయూ పౌరుల 'ది త్రీ మిలియన్', ఈయూ దేశాల్లోని బ్రిటిష్ వారి 'బ్రిటిష్ ఇన్ యూరప్' సంఘాలు పుట్టింది ఈ అభద్రతలోనే. తమను బేరానికి పెట్టిన పావులుగా వాడుతున్నారన్నది రెండు సంఘాలదీ ఒకే ఫిర్యాదు.

2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగింది. ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పరివర్తన కాలం. నిష్క్రమణ ఒప్పందంలోని రెండో భాగం, 9 నుంచి 39వ అధికరణ వరకు, పూర్తిగా పౌర హక్కులదే. పరివర్తన కాలం ముగిసేలోగా అవతలి దేశంలో నివాసం ఏర్పరుచుకున్నవారు, షరతులు తప్పనంతకాలం, జీవితాంతం ఆ హక్కుతో ఉండొచ్చు. పనిచేయవచ్చు, చదువుకోవచ్చు, సామాజిక భద్రత పొందవచ్చు. ఐదేళ్ల నివాసంతో శాశ్వత హక్కు వస్తుంది. వరసగా ఐదేళ్లు దేశం విడిచి ఉంటే పోతుంది. ఆ తేదీకి ముందే బంధం ఉన్న భార్యాభర్తలు, తల్లిదండ్రులు తరువాతైనా వచ్చి చేరవచ్చు, తరువాత పుట్టే పిల్లలకూ రక్షణ ఉంది. తరువాత పెళ్లాడిన జీవిత భాగస్వామికి మాత్రం లేదు.

ఆ గీత ఎంత కరుకైనదో చూపే కేసు ఒకటుంది. బ్రిటన్‌లో ఒక టర్కీ పౌరుడూ రొమేనియా పౌరురాలూ 2020 శరదృతువులోనే వివాహ నమోదుకు ప్రయత్నించారు. కోవిడ్ ఆంక్షలవల్ల అది వాయిదాపడి 2021 ఏప్రిల్‌లో జరిగింది. గీత దాటాక పెళ్లి కనుక భర్తకు ఒప్పందం వర్తించదని ట్రైబ్యునల్ చెప్పింది, 2023లో అప్పీలు కోర్టు సమర్థించింది.

సెటిల్మెంట్ స్కీమ్: ఫోన్‌లో వచ్చిన హోదా

ఒప్పందం 18వ అధికరణలో దేశాలకు రెండు దారులిచ్చింది. మొదటి దారిలో ప్రతి ఒక్కరూ కొత్త హోదాకు దరఖాస్తు చేసుకుని తీరాలి, చేయనివారికి హక్కు లేనట్టే. రెండో దారిలో హక్కు చట్టంవల్లనే ఉంటుంది, కాగితం కేవలం రుజువు. బ్రిటన్ మొదటిది ఎంచుకుంది.

ఈయూ సెటిల్మెంట్ స్కీమ్ 2019 మార్చి 30న పూర్తిస్థాయిలో తెరుచుకుంది, గడువు 2021 జూన్ 30. ఐదేళ్ల నివాసం ఉంటే సెటిల్డ్ స్టేటస్, తక్కువైతే ఐదేళ్లపాటు ప్రీ-సెటిల్డ్ స్టేటస్. మొదట పెద్దలకు 65 పౌండ్ల ఫీజు అనుకుని, విమర్శలతో 2019 జనవరిలో ఎత్తేశారు. దరఖాస్తు పద్ధతి సులువే. ఫోన్‌తో పాస్‌పోర్టులోని చిప్ స్కాన్ చేసి, ముఖం ఫొటో తీసుకుని, నేర చరిత్ర ఉందా అన్న ప్రశ్నకు జవాబిచ్చి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు కొడితే, పన్నుల శాఖ, పింఛన్ల శాఖ రికార్డులు చూసి యంత్రమే నివాస కాలం లెక్కగడుతుంది. పెద్దగా ప్రశ్నలు లేకుండా లక్షల మందికి రోజుల్లో హోదా వచ్చేసింది. ఈ ఘనతను బ్రిటన్ అంతర్గత వ్యవహారాల శాఖ హోం ఆఫీస్‌కు ఇవ్వాల్సిందే. 35 నుంచి 41 లక్షల మంది అర్హులుంటారని అంచనా వేస్తే, గడువు నాటికే 60 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

అయితే ఎంతమంది చేసుకోలేదో లెక్కించే మార్గమే లేదు, ఎందుకంటే మొత్తం ఎందరున్నారన్న రిజిస్టర్ ఎన్నడూ లేదు. వెనకబడేది ఎవరో మాత్రం ముందే తెలుసు. ప్రభుత్వ సంరక్షణలోని పిల్లలు, మతిమరుపు ముదిరిన వృద్ధులు, యాభై ఏళ్ల కిందటే శాశ్వత నివాసం వచ్చింది కనుక ఇక పనిలేదనుకున్న ఇటాలియన్ అవ్వలు, పత్రాలన్నీ భర్త చేతిలో ఉన్న గృహహింస బాధితులు. తగిన కారణం ఉంటే ఆలస్యపు దరఖాస్తులు తీసుకుంటామన్నారు. 2023 ఆగస్టులో ఆ తగిన కారణం చూసే పద్ధతి బిగించారు.

బ్రిటన్‌కు దీనిలో ముందస్తు హెచ్చరిక లేకపోలేదు. 2018లో బయటపడ్డ విండ్‌రష్ ఉదంతంలో, 1973కు ముందు కరీబియన్ దేశాల నుంచి చట్టబద్ధంగా వచ్చి స్థిరపడ్డవారినే కాగితం లేదన్న నెపంతో ఉద్యోగాల నుంచి తీసేశారు, కొందరిని దేశం దాటించారు. హోం మంత్రి అంబర్ రడ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. అక్కడ చిక్కు హక్కు ఉండి రుజువు లేకపోవడం. సెటిల్మెంట్ స్కీమ్ ఆ చిక్కు తీర్చడానికి రుజువు లేనివారికి హక్కే లేకుండా చేసింది అని విమర్శకులు అన్నది ఇందుకే.

ఇంకో గొడవ కార్డు లేకపోవడం. ఈయూ పౌరులకు భౌతిక పత్రం ఇవ్వలేదు. హోదా సర్కారు వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చేవాడికో, ఉద్యోగమిచ్చేవాడికో చూపాలంటే లాగిన్ అయి, ఫోన్‌కు వచ్చిన అంకెలు కొట్టి, తొమ్మిది అక్షరాల షేర్ కోడ్ తెచ్చుకోవాలి. ఉద్యోగానికైతే డబ్ల్యూతో, అద్దెకైతే ఆర్‌తో, మిగతా పనులకు ఎస్‌తో మొదలవుతుంది. 90 రోజులు దాటితే చెల్లదు. అక్రమంగా పనిలో పెట్టుకుంటే మొదటి తప్పుకే ఒక్కో మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా ఉన్న దేశంలో, సైటు పనిచేయని రోజున యజమాని అనుమానపు చూపు ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

కోర్టులు దిద్దినవి

ఒప్పందంలోని 159వ అధికరణ కింద ఏర్పడ్డ స్వతంత్ర పర్యవేక్షణ సంస్థ వేల్స్‌లోని స్వాన్‌సీలో పనిచేస్తుంది. ప్రభుత్వ ఖజానాతో నడిచే ఈ సంస్థే ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చింది. ప్రీ-సెటిల్డ్ హోదా ఉన్నవారు ఐదేళ్లు ముగిసేలోగా రెండోసారి దరఖాస్తు పెట్టకపోతే మొత్తం నివాస హక్కే పోతుందన్నది హోం ఆఫీస్ వాదన. అప్పటికి ఆ హోదాలో 20 లక్షలకు పైగా ఉన్నారు. 2022 డిసెంబరు 21న హైకోర్టు జడ్జి లేన్ దాన్ని తప్పుపట్టారు. ఒప్పందం ఇచ్చిన హక్కు ఒప్పందంలో చెప్పిన కారణాలతోనే పోతుంది, రెండో దరఖాస్తు పెట్టలేదన్నది అందులో లేదని తేల్చారు. ప్రభుత్వం అప్పీలు వదులుకుంది. 2023 సెప్టెంబరు నుంచి గడువు ముగిసేవారికి ముందు రెండేళ్లు, తరువాత ఐదేళ్లు దానంతటదే పొడిగింపు వస్తోంది. 2025 జనవరి నుంచి అర్హులను యంత్రమే సెటిల్డ్‌కు మార్చడమూ మొదలైంది. స్లోవేనియాలో ఇరవై ఏళ్లు పట్టిన దిద్దుబాటు ఇక్కడ గడువు ముంచుకురాకముందే జరిగిందంటే, ఒప్పందానికి నేరుగా కోర్టుల్లో అమలయ్యే బలం (4వ అధికరణ), కాపలాకు ఒక సంస్థ ఉండటమే కారణం.

మానవ హక్కుల విషయంలో రెండు పొరలను విడదీసి చూడాలి. 1950 నాటి యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక, స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఈయూకు చెందినవి కావు. కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు చెందినవి. బ్రెగ్జిట్ వాటిని తాకలేదు, 1998 మానవ హక్కుల చట్టం ద్వారా అవి బ్రిటన్‌లో అమలవుతూనే ఉన్నాయి. పోయింది ఈయూ సొంతమైన ప్రాథమిక హక్కుల పత్రం. 2018 నాటి ఈయూ నిష్క్రమణ చట్టంలోని 5వ సెక్షన్ దాన్ని దేశీయ చట్టం నుంచి తొలగించింది. ఒడంబడికలో విడిగా లేని మానవ గౌరవ హక్కు ఆ పత్రంలో మొదటి అధికరణ.

పోయిందనుకున్న ఆ హక్కు ఒక తల్లి కేసులో తిరిగి వచ్చింది. డచ్, క్రొయేషియా పౌరసత్వాలున్న ఒక యువతి ఉత్తర ఐర్లండ్‌లో భాగస్వామి హింస భరించలేక ఇద్దరు పిల్లలతో శరణాలయంలో చేరింది. ప్రీ-సెటిల్డ్ స్టేటస్ ఉంది గానీ, ఆ హోదాతో యూనివర్సల్ క్రెడిట్ అనే జీవన భృతి ఇవ్వబోమన్నారు. లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం 2021 జులై 15న, భృతి నిరాకరించే ముందు తల్లీపిల్లలు గౌరవంగా బతకలేని స్థితిలో పడరని అధికారులు చూసుకోవాలని చెప్పింది. ఆ తీర్పు పరివర్తన కాలపు సంగతులపైది. తరువాత కాలానికీ అదే వర్తిస్తుందా అన్న ప్రశ్న, పసిబిడ్డతో హింస నుంచి పారిపోయిన ఒక రొమేనియా మహిళ కేసులో వచ్చింది. వర్తిస్తుందని 2022లో అప్పర్ ట్రైబ్యునల్, 2023 నవంబరులో అప్పీలు కోర్టు చెప్పాయి. నివాస హక్కు ఒప్పందం నుంచి వస్తోంది కనుక, ఒప్పందం గుండా ఆ పత్రపు రక్షణ కూడా వెంట వస్తుందన్నది వాటి తర్కం. ఆకలితో ఉన్నవారికి నివాస హక్కు ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం చట్టానికి సరిపోదని ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పులు అరుదు.

అవతలి ఒడ్డున బ్రిటిష్ వారు

ఈయూ దేశాల్లో పది లక్షలకు పైగా బ్రిటిష్ పౌరులున్నారని అంచనా. స్పెయిన్‌లో అందరికన్నా ఎక్కువ. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్ సహా 13 దేశాలు దరఖాస్తు తప్పనిసరి దారి పట్టాయి. స్పెయిన్, జర్మనీ, ఇటలీ, పోర్చుగల్ వంటివి హక్కు దానంతటదే ఉంటుందన్న దారి పట్టాయి. మొదటి రకం దేశాల్లో గడువు దాటినవారికి వెళ్లిపొమ్మన్న నోటీసులు వచ్చాయి. స్వీడన్ ఇందులో చెడ్డపేరు తెచ్చుకుంది. డెన్మార్క్ మాత్రం మనసు మార్చుకుని 2023 చివరిదాకా గడువు మళ్లీ తెరిచింది. రెండో రకం దేశాల్లో హక్కు పదిలంగా ఉన్నా, పోర్చుగల్‌లో కార్డులు ఏళ్ల తరబడి రాక, ఆసుపత్రిలో, విమానాశ్రయంలో ఇక్కట్లు పడ్డారు. 2025 అక్టోబరు 12న షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రల ఎంట్రీ-ఎగ్జిట్ వ్యవస్థ మొదలైంది. ఒప్పందపు హక్కుదారులకు దాన్నుంచి మినహాయింపు ఉంది గానీ, మినహాయింపు అడగాలంటే కార్డు చూపాలి.

నివాసం నిలిచినా, ఈయూ పౌరసత్వం నిలవలేదు. 1984 నుంచి ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక బ్రిటిష్ మహిళ పేరును స్థానిక ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. 15 ఏళ్ల నిబంధనతో బ్రిటన్‌లోనూ అప్పటికి ఓటు లేదు. ఆమె కేసులో 2022 జూన్ 9న ఈయూ న్యాయస్థానం, సభ్యదేశ పౌరసత్వం లేనివారికి ఈయూ పౌరసత్వం ఉండదని తేల్చేసింది. ఉన్న దేశంలో ఉండే హక్కు పోలేదు, అక్కడ నుంచి మరో ఈయూ దేశానికి వెళ్లి స్థిరపడే స్వేచ్ఛ మాత్రం పోయింది.

ఐర్లండ్ సంగతి వేరు. ఉమ్మడి ప్రయాణ ప్రాంతం అనే పాత ఏర్పాటువల్ల ఐరిష్ పౌరులకు బ్రిటన్‌లో, బ్రిటిష్ వారికి ఐర్లండ్‌లో ఏ దరఖాస్తూ అక్కర్లేదు. ఉత్తర ఐర్లండ్ శాంతి కోసం కుదిరిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం హామీ ఇచ్చిన హక్కులు బ్రెగ్జిట్‌వల్ల తగ్గరాదన్న నిబంధన, నిష్క్రమణ ఒప్పందంలోని ఉత్తర ఐర్లండ్ ప్రొటోకాల్ 2వ అధికరణలో ఉంది. దాని ఆధారంగానే 2024 మేలో బెల్‌ఫాస్ట్ హైకోర్టు బ్రిటన్ అక్రమ వలసల చట్టంలోని కొన్ని సెక్షన్లను అక్కడ చెల్లకుండా చేసింది.

భారతీయులకు తగిలిన చోట్లు

ఈయూ చట్టం భారతీయ కుటుంబాలకు ఒక దారి తెరిచి ఉంచింది. భారత పౌరుడు సురీందర్ సింగ్ తన బ్రిటిష్ భార్యతో కొంతకాలం జర్మనీలో పనిచేసి తిరిగి బ్రిటన్ వస్తే, వచ్చిన కుటుంబానికి ఈయూ హక్కులే వర్తిస్తాయని 1992 జులై 7న లక్సెంబర్గ్ కోర్టు తీర్పిచ్చింది. కఠినమైన బ్రిటిష్ స్పౌజ్ వీసా ఆదాయ షరతు దాటలేని జంటలు ఏళ్లపాటు ఈ దారినే వాడుకున్నాయి. 2020 డిసెంబరు 31తో కొత్త జంటలకు అది మూసుకుపోయింది. ఈయూ పౌరుల భార్యలుగా, భర్తలుగా సెటిల్మెంట్ స్కీమ్‌లో హోదా పొందిన భారతీయులూ ఉన్నారు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో పౌరసత్వం తీసుకుని 2020 లోపు బ్రిటన్‌కు మారిన తెలుగు ఇంజనీర్లు కూడా ఈ స్కీమ్ పరిధిలోకే వచ్చారు.

పింఛనులో తేడా ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఒప్పందం పరిధిలో స్పెయిన్‌లో ఉంటున్న బ్రిటిష్ వృద్ధుడి ప్రభుత్వ పింఛను ఏటా పెరుగుతుంది. భారత్‌తో అలాంటి ఏర్పాటు లేదు. ముప్ఫై ఏళ్లు బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసి విశ్రాంత జీవితానికి గుంటూరు వచ్చిన డాక్టరుకు, ఇక్కడికి వచ్చిన ఏడాది ఎంతో అంతే, తరువాత పైసా పెరగదు. కట్టిన చందాలు ఇద్దరివీ ఒకే రకం.

కార్డు లేని హోదా కూడా ఈయూ పౌరుల దగ్గర ఆగలేదు. వారిపై నడిచిన పద్ధతినే హోం ఆఫీస్ అందరికీ విస్తరించింది. వీసాదారుల చేతిలో ఉన్న బయోమెట్రిక్ పర్మిట్లలో అత్యధిక భాగం గడువు 2024 డిసెంబరు 31తో ముగిసి, ఈ-వీసా వచ్చింది. ఇప్పుడు లెస్టర్‌లో గది అద్దెకు వెతుక్కునే వరంగల్ విద్యార్థి కూడా ఆర్‌తో మొదలయ్యే షేర్ కోడే పంపాలి. అతనికి నిష్క్రమణ ఒప్పందం లేదు, స్వాన్‌సీలో ఫిర్యాదు వినే సంస్థా లేదు.

ఒప్పందపు హక్కుదారులకైనా ఆ రక్షణలో కొంత భాగానికి కాలపరిమితి ఉంది. పౌర హక్కులపై సందేహం వస్తే బ్రిటిష్ కోర్టులు లక్సెంబర్గ్ అభిప్రాయం అడిగే వీలు, 158వ అధికరణ ప్రకారం, పరివర్తన కాలం ముగిసిన ఎనిమిదేళ్లలోపు మొదలైన కేసులకే. అంటే 2028 డిసెంబరు 31 దాకా. పర్యవేక్షణ సంస్థను కొనసాగించాలా వద్దా అని ఉభయపక్షాల సంయుక్త కమిటీ సమీక్షించగలిగేదీ అప్పటి నుంచే. ఈలోగా 2024 డిసెంబరు 16న, సంచార స్వేచ్ఛ చట్టాన్ని సరిగా అమలు చేయలేదంటూ బ్రిటన్‌పై ఈయూ న్యాయస్థానానికి వెళ్లాలని యూరోపియన్ కమిషన్ నిర్ణయించింది.